కంప్యూటర్ వెలగకపోతే గోడ దగ్గర మొదలుపెట్టండి

ఉద్యోగానికి కువైట్ వచ్చేటప్పుడు మా ముత్తాత మారిషస్‌లో దిగిన నాటి కాగితాల నకళ్లు కంప్యూటర్‌లో పెట్టుకుని తెచ్చుకున్నాను. వేసవి సెలవుల తర్వాత బటన్ నొక్కితే చప్పుడు లేదు, దీపం లేదు. నా గుండె ఝల్లుమంది. వేరే ప్రతి లేదు మరి!

ముందు గోడ దగ్గర చూశాను. అదే సాకెట్‌లో టేబుల్ దీపం పెడితే వెలిగింది. కంప్యూటర్ వెనక స్విచ్ వేసే ఉంది. ఇక మిగిలింది తీగ. మానిటర్ తీగ తీసి కంప్యూటర్‌కు పెట్టగానే ఫ్యాన్ తిరిగింది! ఇక్కడి ప్లగ్గుల్లో, మారిషస్‌లో లాగే, చిన్న ఫ్యూజు ఉంటుంది. పాత తీగలో అదే కాలిపోయింది. అదే ఆంపియర్ల ఫ్యూజు కొని వేశాను.

తీగ మార్చినా వెలగకపోతే ప్లగ్గు తీసి, బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. మళ్లీ పెట్టి చూడండి. ఇక్కడ ఇసుక గాలులు ఎక్కువ కదా, గాలి రంధ్రాల దుమ్ము కూడా దులపండి. పవర్ సప్లై పెట్టెను మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసినా దానిలో విద్యుత్తు నిలిచి ఉంటుంది. కొన్ని పాత పెట్టెల వెనక 115, 230 అని చిన్న స్విచ్ ఉంటుంది. కువైట్ కరెంటు 240 వోల్టులు కాబట్టి అది 230 వైపు ఉండాలి. 115 మీద ఉంటే పెట్టె కాలిపోతుంది.

పెట్టె కాలినా డిస్కు తరచుగా బాగానే ఉంటుంది. దాన్ని ఇంకో కంప్యూటర్‌కు తగిలించి చూడవచ్చు. అందుకే వెంటనే "పోయింది" అనకండి. "ఆగింది" అనండి.

ఆ రాత్రే ఆ కాగితాలకు రెండు ప్రతులు తీశాను. ఒకటి మా చెల్లెలికి పంపాను.