జీతం లేని డీజేలు.. పది వాట్ల రేడియో

మీ హాస్టల్ గదిలో వెలిగే ఎల్‌ఈడీ బల్బు తొమ్మిదో పదో వాట్లు ఉంటుంది. 1972లో అమెరికాలోని సియాటిల్‌లో ఓ ఎఫ్‌ఎం రేడియో స్టేషన్ మొదలైంది. దాని ట్రాన్స్‌మిటర్ సామర్థ్యం కూడా అంతే, పది వాట్లు. పెట్టింది యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో డిగ్రీ చదువుతున్న నలుగురు విద్యార్థులు. క్యాంపస్, దాని చుట్టుపక్కల పేటలు దాటితే పెద్దగా వినపడేది కాదు.

అప్పట్లో దాని పేరు కేసీఎంయూ. ఇప్పుడు కేఈఎక్స్‌పీ. యూట్యూబ్‌లో విదేశీ బ్యాండ్‌ల లైవ్ వీడియోలు చూసే అలవాటుంటే, వెనకాల చిన్న చిన్న లైట్ల తోరణాలు వేలాడే స్టూడియో ఒకటి మీ కంట పడే ఉంటుంది. అదే ఇది. ఆ చానల్‌కి సబ్‌స్క్రైబర్లు 30 లక్షల పైమాటే.

రాక్ సంగీతం మీకు నచ్చకపోయినా ఫర్వాలేదు. నాకూ మొదట్లో గోలలాగే ఉండేది. ఈ కథ కెరియర్ పేజీలో ఎందుకంటారా? ‘‘జీతం ఇవ్వలేం గానీ ఎక్స్‌పీరియన్స్ వస్తుంది’’ అనే మాట మీలో చాలామంది ఇప్పటికే విని ఉంటారు. అది ఎప్పుడు నిజమవుతుందో, ఎప్పుడు మోసమవుతుందో ఈ ఒక్క స్టేషన్ చరిత్రలోనే రెండూ కనిపిస్తాయి.

కేసీఎంయూ అన్న పేరులో గొప్ప అర్థమేమీ లేదు. యూనివర్సిటీలో కమ్యూనికేషన్స్ విభాగం ఉన్న భవనాన్ని సీఎంయూ అనేవాళ్లు. దానికి ముందు, అమెరికా పశ్చిమ ప్రాంత స్టేషన్లకు రివాజుగా వచ్చే ‘కే’ తగిలించారు. ఉద్దేశం కూడా సాదాసీదాగానే ఉంది. జర్నలిజం, కమ్యూనికేషన్స్ చదివే పిల్లలు మైకు ముందు కూర్చోవడం నేర్చుకోవాలి. మన ల్యాబ్ లాంటిదే. అయితే ఈ ల్యాబ్‌లో రీడింగులు తప్పుగా వస్తే ఊరంతా వింటుంది!

ఇక్కడ ఒక సాంకేతిక విషయం తెలిస్తే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది. అమెరికాలో ఎఫ్‌ఎం బ్యాండ్ కింది భాగం, అంటే 88 నుంచి 92 మెగాహెర్ట్జ్ దాకా, వ్యాపారేతర స్టేషన్లకే కేటాయించారు. కేసీఎంయూ 90.5 మీద ఉండేది. అక్కడ వాణిజ్య ప్రకటనలు వేయకూడదు. ప్రకటనలు లేవంటే డబ్బు లేదు. కానీ ‘ఈ పాట వేస్తే స్పాన్సర్ ఏమంటాడో’ అన్న భయమూ లేదు. హిట్ పాటలే తిప్పి తిప్పి వేయాల్సిన ఖర్మ పక్క స్టేషన్లది. వీళ్లది కాదు.

1981లో యూనివర్సిటీ నిధులు ఆపేసింది. మన దగ్గరైతే కాలేజీ మ్యాగజైన్ ఆగిపోయినట్టు చప్పుడు లేకుండా ఆగిపోయేది. వాళ్లు మాత్రం మైకులోనే అడిగారు, వినేవాళ్లే చందాలివ్వండని. వచ్చాయి. మరుసటి ఏడాదికల్లా సామర్థ్యం 182 వాట్లయింది. ఎనభైల్లోనే ఫ్రీక్వెన్సీ 90.3కి మారింది, సామర్థ్యం 400 వాట్లకు చేరింది. ఇవాళ్టికీ ఆ స్టేషన్ అదే 90.3 మీద ఉంది.

మైకు ముందు కూర్చున్నదెవరు?

ఎనభైల్లో అక్కడ జీతం లేకుండా పాటలు వేసిన కొందరి గురించి చెబుతాను. కిమ్ థాయిల్.. పేరు చూస్తేనే అనుమానం వస్తుంది కదూ? నిజమే. అమ్మానాన్నలది కేరళ. సియాటిల్‌లోనే పుట్టాడు, అదే యూనివర్సిటీలో ఫిలాసఫీ చదివాడు. తర్వాత సౌండ్‌గార్డెన్ బ్యాండ్ గిటారిస్టుగా ప్రపంచమంతా తిరిగాడు. మార్క్ ఆర్మ్ మడ్‌హనీ బ్యాండ్ గాయకుడయ్యాడు. జొనాథన్ పోన్‌మన్ ఆ స్టేషన్లో స్థానిక బ్యాండ్‌ల కోసమే ఒక షో నడిపేవాడు. ఇతనికి బ్రూస్ పావిట్ అనే ఇంకో సంగీత పిచ్చోడితో స్నేహం కలిపింది థాయిలే. పోన్‌మన్, పావిట్ కలిసి సబ్ పాప్ రికార్డ్స్ కంపెనీని నిలబెట్టారు. తర్వాత ‘గ్రంజ్’ అని ప్రపంచమంతా పిలిచిన సంగీతానికి ఆ కంపెనీయే పుట్టిల్లు.

వీళ్లకు ఆ రేడియో ఏమిచ్చింది? నా లెక్కలో మూడు గంటల షో అంటే నలభై, యాభై సార్లు ఒక నిర్ణయం తీసుకోవడం. ఏ పాట తర్వాత ఏ పాట వేయాలి? అది నచ్చితే ఫోన్ మోగుతుంది, నచ్చకపోయినా మోగుతుంది. నిర్ణయం, వెంటనే ఫలితం, మళ్లీ నిర్ణయం. కొత్త రికార్డులన్నీ ముందు చేతికొస్తాయి. వాటిని తెచ్చిచ్చే బ్యాండ్‌లు, కచేరీలు పెట్టేవాళ్లు, పత్రికల వాళ్లు అందరూ ఆ గదిలోకే వస్తారు. సర్టిఫికెట్ మీద ఇవేవీ రాయరు.

ఒక సంఘటన చెప్పాలి. 1988 చివర్లో ఎవరికీ తెలియని నిర్వాణ అనే బ్యాండ్ మొదటి సింగిల్‌ను సబ్ పాప్ వెయ్యి కాపీలే వేసింది. గాయకుడు కర్ట్ కోబేన్ ఒక కాపీ పట్టుకుని స్టేషన్‌కు వెళ్లి ఇచ్చొచ్చాడు. తిరుగు ప్రయాణంలో కారు రేడియో పెట్టుకుని ఎదురుచూశాడు. పాట రాదే! ఇంకాస్త దూరం పోతే సిగ్నల్ అందదు. దార్లో కారాపి, పబ్లిక్ ఫోన్ నుంచి మామూలు శ్రోతలా ఫోన్ చేసి, తన పాట తానే అడిగాడు. తర్వాత కార్లో కూర్చుని విన్నాడు. ఆయన జీవిత చరిత్రల్లో ఉన్న సంగతే ఇది. మూడేళ్లకు, 1991లో వచ్చిన ‘నెవర్‌మైండ్’ ఆల్బమ్ అమెరికాలో నంబర్ వన్ అయింది.

ఇక్కడే ఒక మాట. మార్క్ ఆర్మ్ పెద్ద పేరున్న గాయకుడే. అయినా ఏళ్ల తరబడి సబ్ పాప్ గోడౌన్ మేనేజర్‌గా పగటి ఉద్యోగం చేశాడు. బ్యాండ్ పాడింది, ఉద్యోగం ఇల్లు నడిపింది. మోటివేషన్ వీడియోల్లో ఈ భాగం చెప్పరు!

1992: ఇంటి కొట్లాట

అంతా బాగుంటే అది చరిత్ర ఎందుకవుతుంది? 1992లో స్టేషన్ యాజమాన్యం పంథా మార్చింది. బయటి నుంచి తెచ్చిన రెడీమేడ్ కార్యక్రమాలు పెట్టింది. వాలంటీర్లకు ఉన్న సమయం తగ్గింది. ఇన్నేళ్లూ ఉచితంగా పనిచేసిన డీజేలకు మండింది. కొందరు మైకులోనే ఆ మాట అన్నారు. స్టేషన్‌ను గాలిలో విమర్శించకూడదన్న నిబంధన చూపించి వాళ్లను తీసేశారు.

ఊరుకోలేదు. వాలంటీర్లు, శ్రోతలు కలిసి ఒక సంఘం పెట్టారు. దాని పేరులోని ఇంగ్లిష్ మొదటి అక్షరాలు కలిపితే ‘కర్స్’, అంటే శాపం. చందాలు ఆపేయండని శ్రోతలకు పిలుపిచ్చారు. కోర్టుకెక్కారు. స్టేషన్ ప్రభుత్వ యూనివర్సిటీది కాబట్టి, విమర్శించొద్దనే నిబంధన భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని ఫెడరల్ కోర్టు తేల్చింది.

ఈ భాగం చదివినప్పుడు నాకు నా సంగతే గుర్తొచ్చింది. బీటెక్ అయ్యాక ఒక చిన్న కంపెనీలో ఆరు నెలలు ‘ఎక్స్‌పీరియన్స్ కోసం’ పనిచేశాను. వాళ్ల వెబ్‌సైట్‌లో సగం నేను రాసిందే. ఏడో నెలలో జీతం మాట ఎత్తితే, ఆ రాత్రికే వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. నా కోడ్ వాళ్ల దగ్గరే ఉండిపోయింది. చూపించుకోడానికి నా దగ్గర ఒక స్క్రీన్‌షాట్ కూడా లేదు.

ఆ డీజేలకూ నాకూ తేడా ఏంటి? వాళ్లు ఏం చేశారో ఊరంతా వింది. పేరు పెట్టి అడిగే శ్రోతలు ఉన్నారు. గొంతెత్తితే వెనకాల జనం నిలబడ్డారు. నా పని ఎవరికీ కనపడలేదు. అందుకే జీతం లేని పని ఎవరైనా ఇస్తామంటే, ఇది నా పేరుతో బయటికి కనిపిస్తుందా, మానేసినప్పుడు నాతో ఏం తీసుకెళ్లొచ్చు అని ముందే అడగమంటాను. సమాధానం నసిగితే, వచ్చిన దారినే తిరిగి వచ్చేయండి.

ఇంజినీర్ల వంతు

2000 సంవత్సరంలో అసలైన మలుపు వచ్చింది. సీడీ నాణ్యత ఉన్న ఆడియోను ఏమాత్రం కుదించకుండా ఇంటర్నెట్‌లో 24 గంటలూ ప్రసారం చేసిన తొలి స్టేషన్ ఇదే. ఎంత పెద్ద పనో కాగితం తీసి లెక్కేయండి. సెకనుకు 44,100 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు, ఎడమ కుడి రెండు చానళ్లు. గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు. అప్పట్లో ఇళ్లలో ఉన్నది కీచుమని అరిచే డయలప్ మోడెం, మహా అయితే 56 వేల బిట్లు. అంటే ఒక్క శ్రోతకు పాతిక మోడెంలు కావాలి!

మరి ఎవరు వింటారని పెట్టారు? యూనివర్సిటీల మధ్య వేగంగా నడిచే నెట్‌వర్క్‌లు అప్పటికే ఉన్నాయి. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ కంప్యూటింగ్ విభాగం వాళ్లు పక్కనే ఉన్నారు. జనం ఇళ్లలోకి బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక మొదలుపెడదాం అని వాళ్లు ఆగలేదు. ఆ నిర్ణయం మీటింగ్ గదిలో కూర్చుని తీసుకుంటే, ‘వినేవాళ్లే లేరు కదా’ అని ఎవరో ఒకరు కొట్టేసేవాళ్లు అనిపిస్తుంది నాకు.

2001లో మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు పాల్ అలెన్ పెట్టిన ఎక్స్‌పీరియెన్స్ మ్యూజిక్ ప్రాజెక్ట్ అనే మ్యూజియంతో భాగస్వామ్యం కుదిరింది. పేరు కేఈఎక్స్‌పీగా మారింది. కొత్త స్టూడియో వచ్చింది. సాఫ్ట్‌వేర్ డబ్బు అలా రాక్ రేడియోలోకి పారింది. మనవాళ్లు వేలమంది ఉద్యోగాలు చేస్తున్న రెడ్‌మండ్ మైక్రోసాఫ్ట్ క్యాంపస్ సియాటిల్ పక్కనే. మీ అన్నయ్యో, సీనియరో అక్కడుంటే కారు రేడియోలో 90.3 పెట్టి చూడమనండి.

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో జరిగే సంగీత ఉత్సవానికి కెమెరాలు తీసుకెళ్లారు. 2010లో ఓ ఇంటి హాల్లో కూర్చుని పాడిన ‘ఆఫ్ మాన్‌స్టర్స్ అండ్ మెన్’ అనే కొత్త బ్యాండ్ వీడియో అలా ప్రపంచానికి చేరింది. 2016లో స్టేషన్ సియాటిల్ సెంటర్‌లోకి మారింది. కాఫీ తాగుతూ, గాజు అద్దాల అవతల డీజే పాటలు వేస్తుంటే చూడొచ్చు. 2018లో ఒక శ్రోత, చనిపోయే ముందు రాసిన వీలునామా ప్రకారం దాదాపు కోటి డాలర్లు వదిలి వెళ్లారు. 2024 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 92.7 మీద రెండో ఎఫ్‌ఎం ప్రసారం మొదలైంది. దివాలా వేలంలో కొన్న స్టేషన్ అది. ఎఫ్‌ఎం రేడియో పనైపోయిందని అందరూ అంటున్న రోజుల్లో కొన్నారు.

నాకు వీళ్లు పరిచయమైంది మాత్రం సంగీతం వల్ల కాదు, డేటా వల్ల. కేఈఎక్స్‌పీ ఇప్పుడు ఏ పాట వేస్తోందో, ఎవరు పాడారో, ఏ ఆల్బమో వెంటనే ఆన్‌లైన్‌లో పెడుతుంది. దానికో ఓపెన్ ఏపీఐ ఉంది. పైథాన్ నేర్చుకుంటూ, ఏదో ఒక లైవ్ డేటా కావాలని వెతికితే ఇది దొరికింది. ఏ గంటలో ఎంత పాత పాటలు వేస్తున్నారో గ్రాఫ్ గీసి బ్లాగులో పెట్టాను. చిన్న పని. తర్వాత ఒక ఇంటర్వ్యూలో, మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును అర నిమిషంలో దాటేసిన ఆయన దీని గురించి ఇరవై నిమిషాలు అడిగారు. డేటా మధ్యలో ఖాళీలుంటే ఏం చేశావు, ఒకే బ్యాండ్ పేరు రెండు రకాలుగా వస్తే ఎలా కలిపావు అని. లింకు ఉంది కాబట్టి తెరిచి చూపించగలిగాను.

మన దగ్గర క్యాంపస్ రేడియోలు లేవా అంటే, ఉన్నాయి. చెన్నై అన్నా యూనివర్సిటీలో 2004లోనే మొదలైంది. యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లో ‘బోల్ హైదరాబాద్’ 90.4 మీద వస్తుంది. జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో గ్రామీణ మహిళలు నడిపే సంగం రేడియో 2008 నుంచి ఉంది. మన కమ్యూనిటీ రేడియోలకు అనుమతించే శక్తి తక్కువే. కానీ పది వాట్ల కంటే ఎక్కువే కదా. మీ యూనివర్సిటీలో అలాంటిది ఉంటే ఒకసారి వెళ్లి చూడండి. ఎడిటింగ్, మిక్సింగ్, వెబ్‌సైట్, పాత రికార్డింగులకు పేర్లు పెట్టి సర్దడం.. చేయడానికి పనులుంటాయి. వెళ్లేటప్పుడు పైన చెప్పిన రెండు ప్రశ్నలూ జేబులో పెట్టుకోండి.

సియాటిల్‌లో పొద్దున ఏడైతే మనకు రాత్రి ఏడున్నర, వాళ్ల చలికాలంలో ఎనిమిదిన్నర. మెస్‌లో భోజనానికి వెళ్లే టైమే. ఫోన్‌లో స్ట్రీమ్ పెట్టి, పక్కనే ప్లేలిస్టు తెరవండి. కొన్ని పాటల కింద, ఆ బ్యాండ్ ఎక్కడిదో, ఈ పాట ఎందుకు వేశారో డీజే టైప్ చేసిన రెండు మూడు వాక్యాలు కనిపిస్తాయి.