వేసవిలో నీరా సేకరణ: ఉష్ణోగ్రత యాజమాన్యం

తాటి గీతకు ముఖ్యమైన కాలం వేసవి. గెలల నుండి రసం సమృద్ధిగా స్రవించే నెలల్లోనే పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. తీయని నీరా పుల్లని కల్లుగా మారే వేగం కూడా అప్పుడే అధికం. గీత కార్మికుడు ప్రాణాలకు తెగించి చెట్టెక్కి తెచ్చిన రసం, లొట్టి నేలకు దిగేలోపే విలువ కోల్పోతున్నది.

తాజా నీరాలో చక్కెర సాధారణంగా 10 నుండి 15 శాతం వరకు ఉంటుంది. అందులో అధిక భాగం సుక్రోజు. ఉదజని సూచిక 7కు చేరువలో ఉంటుంది. గాలి, కీటకాలు, గెల కోత, నిన్నటి పాత్ర ద్వారా సూక్ష్మజీవులు రసంలో ప్రవేశిస్తాయి. తొలుత లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పులుపును పెంచుతుంది. పిదప ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. చివరకు ఎసిటిక్ ఆమ్లం ఏర్పడుతుంది. ఈస్టులోని ఇన్వర్టేజు అనే ఎంజైము సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. అందువలన అట్టి నీరాతో కాచిన తాటి బెల్లం గట్టిపడక జిగురుగా మిగులుతుంది.

ఆల్కహాలే లక్ష్యమైన బీరు తయారీలోనూ అధిక వేడి హానికరమే. జర్మనీలోని బవేరియాలో 1553లో వెలువడిన శాసనం ఏప్రిల్ 23 నుండి సెప్టెంబరు 29 వరకు బీరు కాచడాన్ని నిషేధించింది. పాశ్చాత్య దేశాల్లో ఇంట బీరు చేసుకొనేవారు వేసవిలో పాత్రకు తడిగుడ్డ చుట్టి, ఫ్యాను గాలి తగిలేలా ఉంచి, సుమారు 20 డిగ్రీల వద్ద నిలపడానికి ప్రయత్నిస్తారు. పులిసే ద్రవం స్వయంగా వేడిని వెలువరిస్తుంది గనుక పాత్రలోని ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రత కంటె హెచ్చుగా ఉండటం కద్దు. వారు పులియడాన్ని అదుపులో ఉంచితే చాలు. నీరా విషయంలో దానిని ఆరంభం కానీయరాదు.

మట్టి లొట్టి ఆవిరి ద్వారా రసాన్ని కొంత చల్లబరుస్తుంది. కాని దాని సూక్ష్మ రంధ్రాలలోనే నిన్నటి ఈస్టు దాగి ఉంటుంది. పైగా గాలిలో తేమ అధికంగా ఉండే కోస్తా ప్రాంతంలో ఆవిరి వలన కలిగే చల్లదనం స్వల్పం. కనుక అక్కడ మంచు తప్పనిసరి. కాసరగోడులోని కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరి నీరా కోసం రూపొందించిన మంచు పెట్టె ఈ సూత్రంపైనే ఆధారపడినది: రసం చుక్క పడిన క్షణం నుండే చల్లదనంలో ఉంటుంది.

క్షేత్రస్థాయిలో ఈ క్రింది మెలకువలు పాటించాలి.

1. పాత్రలను రెండు జతలుగా ఉంచుకొని, ఒక జతను మరిగే నీటితో కడిగి ఎండలో ఆరబెట్టాలి. గీత కత్తిని కూడా శుభ్రపరచాలి.

2. పాత్రను సాయంత్రం చల్లబడిన తరువాత కట్టి, సూర్యోదయానికి ముందే దించాలి.

3. మంచును పాత్ర చుట్టూ ఉంచాలి, రసంలో వేయరాదు.

4. పలుచని శుభ్రమైన గుడ్డతో వడగట్టి, వెంటనే 4 డిగ్రీలకు చల్లబరచాలి. పులుపెక్కిన ఒక్క లొట్టి రసాన్ని కలిపినా క్యాను మొత్తం చెడుతుంది.

5. బెల్లానికి వాడే నీరా అయితే పాత్ర లోపల సున్నం పూయడం మేలు. అయితే సున్నం కలిసిన రసంలో ఉదజని సూచిక హెచ్చుగా కనిపిస్తుంది. దానినిబట్టి తాజాదనాన్ని నిర్ణయించరాదు. రుచి, వాసన, నురుగులను కూడా గమనించాలి.

శీతలీకరణ సూక్ష్మజీవుల వృద్ధిని మందగింపజేస్తుందే కాని, పులిసిన రసాన్ని తిరిగి తీపి చేయజాలదు. మన విస్తరణ కార్యక్రమాలు తరచు శీతల గిడ్డంగి వద్ద మొదలవుతున్నాయి. నష్టం మాత్రం అంతకు ముందే, చెట్టుపైనే జరిగిపోతున్నది. కావున నీరా వయస్సును లొట్టి దించిన వేళ నుండి కాక, కట్టిన వేళ నుండి లెక్కించాలి. విద్యార్థులు క్షేత్ర సందర్శనలో మొట్టమొదట నమోదు చేయవలసినది ఆ వేళనే.