అడవి బాటకీ వాటం కావాలి!

“అక్కా, ఆదివారం పార పట్టుకుని అడవికెళ్తున్నా. నువ్వూ వస్తావా?” అని మా తమ్ముడు అడిగితే నాకు ఒళ్ళు మండింది. మండదా మరి! మూడు నెలల క్రితం ఆ అడవిలోనే సైకిల్ మీంచి పడి మెడ కింద ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఇంట్లో మరదలికి తొమ్మిదో నెల. వాళ్ళమ్మగారికి వీసా రాకపోతే పురుడు పోయడానికి వనస్థలిపురం నుంచి నేను వెళ్ళాను. ఈయనగారేమో మళ్ళీ అడవి అంటాడు!

ఇది 2023 అక్టోబర్ సంగతి. వాళ్ళుండేది అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం, బెంటన్‌విల్ ఊరు. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం అక్కడే కాబట్టి మన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు, గుడి కూడా ఉంది. చుట్టూ ఓజార్క్ కొండలు. 2007 ప్రాంతంలో స్లాటర్ పెన్ అనే చోట సైకిళ్ళ కోసం అడవి బాటలు వేయడం మొదలుపెట్టారు, ఇప్పుడు ఊరి చుట్టూ సాలెగూడులా అల్లుకుపోయాయి. (స్లాటర్ పెన్ అంటే కబేళా దొడ్డి. ఆ పేరు విన్నప్పుడే మా తమ్ముడు ఆలోచించుకోవాల్సింది!)

“రోడ్డుండగా అడవిలో సైకిల్ తొక్కడమేమిటి?” అన్నాను. ఈ సరదా 1970లలో కాలిఫోర్నియాలో మొదలైందట. టమాల్‌పయస్ అనే కొండ మీంచి కుర్రాళ్ళు పాత బరువు సైకిళ్ళేసుకుని జర్రున దిగేవాళ్ళు. నడిచేవాళ్ళు, గుర్రాల మీద వెళ్ళేవాళ్ళు గోల పెట్టారు, కొన్ని బాటల్లో సైకిళ్ళు రావద్దన్నారు. అప్పుడు సైకిల్ వాళ్ళంతా కలిసి 1988లో అంతర్జాతీయ మౌంటెన్ బైసైక్లింగ్ సంఘం పెట్టుకున్నారు. బాట పాడుచేసేవాళ్ళమే బాగుచేస్తాం అని పార పట్టారన్నమాట. మా తమ్ముడుండే వైపు కూడా ఓజార్క్ ఆఫ్ రోడ్ సైక్లిస్ట్స్ లాంటి సంఘాల వాళ్ళు జీతం భత్యం లేకుండా ఈ పని చేస్తారు.

“నేను పడిన ముక్కనే ఆదివారం పక్కకి మారుస్తున్నారు” అన్నాడు. సరే, చూద్దామని పులిహోర కలిపి, డబ్బాకెత్తుకుని బయల్దేరాను. మరదలికి తోడుగా పక్కింటి తెలుగావిడ ఉంది.

వెళ్ళి చూస్తే నాకే అర్థమైంది వీడెందుకు పడ్డాడో. ఆ పాత బాట కొండ పైనుంచి తిన్నగా కిందికి దిగుతుంది. వాన పడితే నీళ్ళకీ అదే దారి. మట్టంతా కొట్టుకుపోయి, మోకాలి లోతు కాలవ పడి, చెట్ల వేళ్ళు పాముల్లా పైకి తేలి ఉన్నాయి. మేం ఇల్లు కట్టినప్పుడు బాత్రూముకి మేస్త్రీ వాటం తప్పుగా ఇచ్చాడు. నీళ్ళు జాలీ వైపు పోకుండా గుమ్మం వైపొచ్చేవి. రెండేళ్ళు గుడ్డతో తుడిచీ తుడిచీ చివరికి ఫ్లోరింగు పగలగొట్టించాం. ఇదీ అంతే!

వాళ్ళ లెక్క చెబుతాను, వినండి. కొండ వాలు ఎంతుంటే బాట వాలు అందులో సగం దాటకూడదు. మొత్తమ్మీద సగటున నూరడుగులకి పదడుగులకి మించి ఎక్కకూడదు. బాటని కొండకి అడ్డంగా, చుట్టూ తిప్పినట్టు వేయాలి. లోయ వైపు కొద్దిగా, నూటికి ఐదు వంతున, ఒరిగించాలి. అక్కడక్కడా చిన్న పల్లం, వెంటనే చిన్న మిట్ట పెట్టాలి. అప్పుడు నీళ్ళు బాట వెంబడి పరిగెత్తకుండా పక్కకి దిగిపోతాయి.

చేతిలో ఇమిడే వాలు కొలిచే పరికరంతో ముందే నాలుగైదుసార్లు తిరిగి, చిన్న జెండాలు పాతి ఉంచారు. “ఎవరి భూమో అడిగే పని లేదా?” అన్నాను. స్థలం ఎవరిదో వాళ్ళు ఆ జెండాలు చూసి సరేనన్నాకే పార దించాలట. పన్నెండు మంది, పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా పనిచేస్తే తయారైంది రెండు వందల అడుగులు. ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు పారలాంటి మొన ఉన్న పనిముట్టు ఒకటుంది, పులాస్కీ అంటారు. 1910లో పెద్ద కార్చిచ్చులో తనతో ఉన్నవాళ్ళని గని సొరంగంలోకి తీసుకెళ్ళి చాలామందిని బతికించిన ఎడ్ పులాస్కీ అనే అటవీ ఉద్యోగి పేరు. నాకు మాత్రం దంతె ఇచ్చారు, ఆకులు లాగడానికి. వాకిలి ఊడ్చే చేతికి అదెంత పని!

నన్ను ఆశ్చర్యపరిచింది కొత్త బాట కాదు, పాతదాన్ని మూయడం. సగం మంది దాని మీదే ఉన్నారు. కాలవకి అడ్డంగా దుంగలు పెట్టి, మట్టి నింపి, పైన కొమ్మలు, ఎండుటాకులు కప్పి, దారన్నదే కనిపించకుండా చేశారు. ఎందుకంత కష్టం అంటే, “కనిపిస్తే మళ్ళీ దాంట్లోంచే పోతారక్కా. అలవాటు” అన్నాడు తమ్ముడు. మధ్యాహ్నం పులిహోర డబ్బా క్షణంలో ఖాళీ. ఒకావిడ మాత్రం కరివేపాకులన్నీ జాగ్రత్తగా ఏరి పక్కన పెట్టింది.

ఆ నెలలోనే మన హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. పైన సోలార్ కప్పు, కింద నున్నటి దారి. అదీ మంచిదే. కానీ నాకు ఇంటికొచ్చాక గుర్తొచ్చింది వేరే దారి.

మేం నలుగురం పొద్దున్నే నడిచేది చెట్ల మధ్య మట్టిబాట మీద. జూలైలో బురదైతే చెప్పులు పాడవుతాయని పక్కన గడ్డి మీంచి నడిచేవాళ్ళం. ఆ గడ్డీ పోయి అదీ బురదైతే ఇంకాస్త పక్కకి. మనిషి పట్టే బాట రెండేళ్ళలో ఎడ్లబండి పట్టేంత అయింది. వంపు దగ్గర అడ్డదారి వేసిందీ మేమే. ఇప్పుడు వాననీళ్ళు తిన్నగా అందులోంచే దిగుతున్నాయి. బెంటన్‌విల్‌లో వాళ్ళు చెప్పిన మొదటి మాట, బురదుంటే ఆ రోజు రాకు, వస్తే బురదలోంచే పో, పక్కకి దిగకు అని!

అలాగని మనం పార పట్టుకుని బయల్దేరడానికి లేదు. మన పక్కనే మహావీర్ హరిణ వనస్థలి ఉంది కదా, మహావీరుడి 2500వ నిర్వాణోత్సవాల గుర్తుగా 1975లో ఏర్పడింది, 3758 ఎకరాలు. కృష్ణజింకలకి దట్టమైన అడవి కాదు, తెరిపిగా ఉండే గడ్డినేల కావాలి. మనం తొక్కి పోగొట్టే గడ్డి వాటికి కూడు. జాతీయ పార్కులో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేకుండా నేలని మార్చడానికి 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.

అందుకని మొన్న వానకి నేను బాట మధ్యలోంచే, బురదలోంచే నడిచాను. “ఏమిటండీ, చీర అంచు చూడండి ఎలా అయిందో!” అంది ఎదురింటావిడ, గడ్డి మీదే నిలబడి. విషయం చెప్పాను. కాసేపు ఆలోచించి, చెప్పులు చేత్తో పట్టుకుని నా వెనకే దిగింది.

మేనకోడలికి ఇప్పుడు నడక వచ్చేసింది. తమ్ముడు మళ్ళీ తొక్కుతున్నాడు. కొత్త బాట మీదే వెళ్తున్నాడో లేదో కాస్త కనిపెట్టి ఉండమని ఫోన్ చేసినప్పుడల్లా మరదలికి చెబుతుంటాను. “నాకు తెలియదా వదినా, ఆ దుంగలు మోసింది ఆయనే కదా” అంటుంది.