మహాకాయుల నిచ్చెన

కల్పిత లోకాల గురించి మన విమర్శకులు సాధారణంగా మాట్లాడరు. పిల్లల సరుకు అనో, పలాయనవాదం అనో పక్కన పెట్టేస్తారు. ఈ ధోరణి సరైనది కాదని నా అభిప్రాయం. వాస్తవిక నవలలో దొర ఎందుకున్నాడంటే ఊళ్ళో దొర ఉన్నాడు కనుక అని జవాబు చెప్పవచ్చు. కల్పిత లోకంలో ఆ వీలు లేదు. అక్కడున్న ప్రతిదీ రచయిత ఎంచుకున్నదే. కాబట్టి సమాజం గురించి అతని మనసులో పాతుకుపోయిన నమ్మకాలు అక్కడే ఎక్కువగా బయటపడతాయి. ఇందుకు ఉదాహరణగా ఒక లోకంలోని మహాకాయుల పుట్టుకనూ, వర్గీకరణనూ పరిశీలిస్తాను. మన అనువాదకులు 'జెయింట్' అనే మాటకు 'రాక్షసుడు' అని వాడుతుంటారు. నేను వాడటం లేదు. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

1

అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను ప్రచురించారు. ఒక బల్ల, కొన్ని పాచికలు, నియమాల పుస్తకాలు ఉంటే చాలు. ఒకరు కథ నడిపిస్తారు, మిగిలినవారు అందులో పాత్రలవుతారు. తరువాత వచ్చిన ఎన్నో కంప్యూటర్ ఆటలకూ, ఇంగ్లీషు ఫాంటసీ నవలలకూ ఇది ముడిసరుకు అందించింది. 1977లో వచ్చిన భూతాల పుస్తకంలో మహాకాయులు ఆరు జాతులు: గుట్ట, రాతి, మంచు, అగ్ని, మేఘ, తుఫాను మహాకాయులు. మరుసటి ఏడు వచ్చిన మూడు సాహస కథల్లో గుట్ట, మంచు, అగ్ని జాతులవారి కోటల మీద ఆటగాళ్ళు దాడి చేస్తారు.

మొదట్లో ఇది కేవలం బలాబలాల పట్టిక. క్రమంగా దానికొక పురాణం తయారయింది. 2014 నాటి అయిదవ కూర్పులో ఆ పురాణం ఇలా ఉంటుంది: మహాకాయులందరికీ ఆన్నమ్ అనే మూలపురుషుడు తండ్రి. అతని కొడుకులు ఒక్కొక్క జాతికీ ఒక్కొక్క దేవుడు. ఆరు జాతులూ ఆరు మెట్లు. పై మెట్టు తుఫానువారిది. దాని కింద మేఘ, అగ్ని, మంచు, రాతి జాతులు. అట్టడుగున గుట్టవారు. వారికీ దిగువన ఓగర్లు, ట్రోల్‌లు వంటి దూరపు బంధుగణాలు. ఈ వ్యవస్థ పేరు 'ఆర్డ్‌నింగ్'. స్కాండినేవియన్ భాషల్లో ఆ మాటకు క్రమం అని అర్థం.

ప్రతి మెట్టు లోపలా మళ్ళీ మెట్లున్నాయి. మేఘజాతిలో సంపదను బట్టి హోదా, మంచుజాతిలో దేహబలాన్ని బట్టి, రాతిజాతిలో కళానైపుణ్యాన్ని బట్టి. కానీ ఎంత గొప్ప శిల్పి అయినా రాతివాడు మేఘజాతిలో చేరలేడు. నైపుణ్యం పుట్టిన మెట్టు లోపల మాత్రమే చెల్లుతుంది. ఇలాంటి వ్యవస్థను అర్థం చేసుకోవడానికి తెలుగు పాఠకునికి వ్యాఖ్యానం అక్కరలేదు.

ఇంకొకటి గమనించాలి. ఆ పుస్తకంలో ప్రతి ప్రాణికీ తెలివి అంకెల్లో ఉంటుంది. సగటు మనిషికి 10. తుఫాను మహాకాయునికి 16, గుట్ట మహాకాయునికి 5. నైతిక స్వభావం కూడా ముందే రాసి ఉంటుంది. నడుమ మెట్లలో కొంత అటూ ఇటూ ఉన్నా, రెండు కొసలూ స్పష్టం: పైవాడు సజ్జనుడు, అడుగువాడు దుష్టుడు. అంటే హోదా, తెలివి, శీలం మూడూ పుట్టుకతోనే కలిసి వస్తున్నాయి. ఆటకు బలాబలాల పట్టిక అవసరమే, కాదనను. గుట్టవాడి దుడ్డుకర్ర దెబ్బ ఎంతో చెప్పకపోతే ఆట సాగదు. ఆ దెబ్బతోపాటు అతని బుద్ధినీ గుణాన్నీ కూడా వంశం ఖాతాలో రాయవలసిన అవసరం ఏమిటన్నదే నా ప్రశ్న.

2

ఈ మహాకాయుల అసలు ఊరు ఉత్తర యూరపు పురాణం. అగ్ని, మంచు జాతుల దేవుళ్ళ పేర్లు సుర్తుర్, త్రిమ్ అక్కడినుంచి వచ్చినవే. ఐస్‌లాండ్‌లో 13వ శతాబ్దంలో స్నోరి స్టుర్లుసన్ కూర్చిన 'ఎడ్డా'లో ఆ కథలున్నాయి. మంచులోకపు చలీ అగ్నిలోకపు వేడీ కలిసినచోట ఈమిర్ అనే మహాకాయుడు పుట్టాడు. ఓదిన్, అతని తమ్ములిద్దరూ ఈమిర్‌ను చంపి, అతని మాంసంతో నేలనూ, నెత్తుటితో సముద్రాన్నీ, ఎముకలతో కొండలనూ, పుర్రెతో ఆకాశాన్నీ చేశారు. ఆ నెత్తుటి వరదలో ఒక్క జంట తప్ప మహాకాయులందరూ మునిగిపోయారు.

అయితే ఓదిన్ తల్లి కూడా మహాకాయుల ఆడపడుచే. ఉరుముల దేవుడు థోర్ తల్లీ ఆ కులంలోనిదే. దేవతలకూ వారికీ పెళ్ళిళ్ళు జరుగుతాయి. అంటే అక్కడున్నది రెండు జాతుల తేడా కాదు, దాయాదుల తగవు. ఆ తగవులో ఎవరిది అన్యాయమో కథే దాచకుండా చెబుతుంది. దేవతల నగరానికి ప్రాకారం కట్టడానికి ఒక మేస్త్రీ వస్తాడు. కూలి ముందే మాట్లాడుకుంటాడు. గడువులోగా పని పూర్తికావస్తుండగా దేవతలు మోసంతో అతని గుర్రాన్ని తప్పించి పని ఆపిస్తారు. అతడు కోపించగానే మహాకాయుడని గుర్తిస్తారు, థోర్ సుత్తితో తల పగలగొడతాడు. కూలి అడిగేదాకా మేస్త్రీ, అడిగాక మహాకాయుడు! కవిత్వాన్ని ప్రసాదించే మధువును కూడా ఓదిన్ ఒక మహాకాయుని ఇంటినుంచి, అతని కూతుర్ని నమ్మించి దొంగిలించాడు. రచయితలుగా మనం మరవకూడని కథ ఇది.

ఆట ఈ పురాణం నుంచి పేర్లనూ, మంచునూ, మంటనూ తీసుకుంది. చుట్టరికాన్ని వదిలేసింది, ఎగవేసిన కూలిని వదిలేసింది. దాయాదుల తగవు పోయి జాతుల నిచ్చెన మిగిలింది.

3

ఈమిర్ కథ చదివిన వారెవరికైనా ఋగ్వేదం పదవ మండలంలోని పురుషసూక్తం తలపుకు రాక మానదు. అక్కడా ఒక మహాపురుషుణ్ణి ఖండించి లోకాన్ని చేశారు. ఈమిర్ దేహం నుంచి కొండలూ సముద్రాలూ వస్తే, పురుషుని దేహం నుంచి భూమ్యాకాశాలతోపాటు నాలుగు వర్ణాలూ వచ్చాయి. ముఖం ఒకరికి, పాదాలు ఒకరికి. ఆధునిక అమెరికన్ ఆట ఈమిర్ వారసులకు కట్టిన నిచ్చెనను మన ప్రాచీనులు పురుషుని దేహంలోనే అమర్చి పెట్టారు.

మన పురాణాల్లోనూ మొదట ఉన్నది చుట్టరికమే. అదితి కొడుకులు దేవతలు, దితి కొడుకులు దైత్యులు, దనువు కొడుకులు దానవులు. తండ్రి కశ్యపుడొక్కడే. రామాయణం ఉత్తరకాండలో రాక్షస శబ్దానికి రక్షించేవారనే అర్థం చెప్పారు. సృష్టి జలాలను కాపాడతామన్నవారు రాక్షసులయ్యారు. మనుస్మృతి నాటికి అదే మాట బలాత్కార వివాహానికి పేరయింది. ఘటోత్కచుడు భీముని కొడుకు. పాండవుల కోసం కర్ణుని శక్తికి ఎదురునిలిచి చనిపోతాడు. ద్రోణపర్వంలో కృష్ణుడు ఆ చావుకు సంతోషించి, ఇతన్ని ఎప్పటికైనా తానే చంపవలసి వచ్చేదంటాడు. తండ్రి రక్తం యుద్ధానికి పనికొచ్చింది, తల్లి కులం చావుకు కారణమయింది. 'రాక్షసుడు' అనే మాట వెనక ఇంత చరిత్ర ఉంది. దాన్ని నిఘంటువు మాటగా ఎక్కడంటే అక్కడ వాడలేం.

4

విమర్శ వల్ల ఉపయోగం ఏమిటని అడిగేవారున్నారు. 2020లో ఆ ఆట ప్రచురణకర్తలే కొన్ని జాతులను పుట్టుదుష్టులుగా చూపిన వర్ణనలు నిజ ప్రపంచంలో జాతులను కించపరచిన తీరును తలపిస్తున్నాయని ఒప్పుకున్నారు. 2024 నాటి ఆటగాళ్ళ పుస్తకంలో 'రేస్' అనే మాటను తీసివేశారు. పాఠకులూ ఆటగాళ్ళూ ఏళ్ళ తరబడి అడగబట్టే ఇది జరిగింది. అయినా మాట మారినంత సులువుగా నిచ్చెన కదలదు. 2016లో వచ్చిన ఒక సాహస కథలో ఆన్నమ్ స్వయంగా ఆర్డ్‌నింగ్‌ను రద్దు చేస్తాడు. మంచి ఊహే. కానీ వెంటనే ప్రతి జాతీ పై మెట్టు కోసం ఎగబడుతుంది. మెట్లు లేకుండా బతుకుదామని ఏ జాతీ తలపెట్టదు.

తెలుగులో పిల్లల కోసమో పెద్దల కోసమో కల్పిత లోకాలు రాయబోయే మిత్రులకు నేను చెప్పేది ఇదే. మీ లోకంలో మహాకాయులను ఎన్ని జాతులుగానైనా విభజించండి. కానీ ఆ విభజన ఎవరు చేశారో, ఎవరి మేలు కోసం చేశారో కథలో ఎవరో ఒకరిచేత అడిగించండి. గుట్ట మహాకాయుడు తెలివితక్కువవాడని రాసిన పుస్తకం గుట్టవాడు రాసింది కాదు.