ఏ తీరాన్ని కాపాడాలి?

ముందుగా మీకొక చిక్కు ప్రశ్న. కాస్త ఆలోచించి జవాబు చెప్పండి.

సముద్రంలో ఒక ఓడకు చిల్లు పడింది. అందులోని చమురు నల్లటి తెట్టులా నీటిమీద పరుచుకుని, గాలివాటున ఒడ్డువైపు వస్తోంది. సాయంత్రానికి తీరం చేరుతుంది. దాన్ని అడ్డగించడానికి మీ దగ్గర నీటిమీద తేలే కంచె ఒకటుంది. దీన్ని 'బూమ్' అంటారు. పొడుగాటి గొట్టంలాంటి భాగం నీటిపైన తేలుతూ ఉంటే, దాని అడుగున ఒక పరదా నీళ్ళలోకి వేలాడుతుంది. అయితే మీ దగ్గరున్న బూమ్ పొడవు రెండు కిలోమీటర్లు. కాపాడవలసిన తీరమేమో వంద కిలోమీటర్లు! ఆ తీరంలో ఒకచోట అలలు విరుచుకుపడే కొండరాళ్ళున్నాయి. ఒకచోట మెత్తటి ఇసుక, ఇంకొకచోట గులకరాళ్ళు. మరొకచోట అలల చప్పుడే వినిపించని బురద కయ్య, దాని అంచున గడ్డి. కంచె ఎక్కడ వేస్తారు?

ఇసుక తీరం దగ్గర అని చాలామంది అంటారు. చూడటానికి అందంగా ఉండేది అదే, జనం వెళ్ళేదీ అక్కడికే. కాని ఈ విషయం చదువుకున్న శాస్త్రజ్ఞులు కంచెను బురద కయ్య ముందు వేస్తారు. మిగతా తీరాన్ని చమురుకు వదిలేస్తారు. అవును, తెలిసి తెలిసీ వదిలేస్తారు!

ఎందుకో చూద్దాం. కొండరాతిని కొట్టే అల మామూలు చాకలి కాదు. రాతికి అంటిన చమురును రాత్రింబగళ్ళు ఉతికి ఉతికి కొద్ది వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో వదలగొడుతుంది. సన్నటి ఇసుక గట్టిగా అణిగి ఉంటుంది కనుక చమురు పైపైనే నిలుస్తుంది, పారతో గీకి తీసెయ్యవచ్చు. గులకరాళ్ళ సంగతి వేరు. రాయికీ రాయికీ మధ్య సందులుంటాయి. చమురు వాటిలోంచి లోతుకు జారిపోయి, అలకు అందకుండా దాక్కుంటుంది. ఇక బురద కయ్యలో అలలే ఉండవు. అక్కడ చేరిన చమురును కడిగేవాడు లేడు. బురదలోకి మనుషులు దిగితే అడుగడుగునా దాన్ని ఇంకా లోపలికి తొక్కుతారు. పైగా చేపపిల్లలూ, పురుగులూ, వాటిని తినే పక్షులూ ఎక్కువగా ఉండేది ఆ కయ్యలోనే.

అమెరికా భూవిజ్ఞానులు ఎరిక్ గుండ్లాక్, మైల్స్ హేస్ 1978లో ఈ తేడాలను ఒక వరుసలో పెట్టారు. తీరాలకు 1 నుంచి 10 వరకు అంకెలు వేశారు. అలల దెబ్బ తినే కొండరాళ్ళు 1. గడ్డి పెరిగే బురద నేలలూ, మడ అడవులూ 10. అంకె పెరిగినకొద్దీ చమురు ఎక్కువకాలం నిలుస్తుంది, హానీ పెరుగుతుంది అన్నమాట. ఈ లెక్కన మన కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులు పదో వరుసలోకే వస్తాయి. ఆ ఇద్దరూ ఇవి గదిలో కూర్చుని ఊహించి వేసిన అంకెలు కావు. 1974లో దక్షిణ అమెరికా కొసన ఉన్న మాగెల్లాన్ జలసంధిలో 'మెటులా' అనే ఓడ నేలకు తగిలి చమురు ఒలికింది. ఆ తీరాన్ని ఎవరూ శుభ్రం చెయ్యలేదు. వదిలేసిన చమురు ఏ తీరంలో ఎన్నాళ్ళుంటుందో తెలుసుకోవడానికి అదొక పాఠశాల అయింది.

ఇప్పుడు ఈ అంకెలను పట్టుకుని ఉత్తర ధ్రువ ప్రాంతానికి వెళదాం. అలాస్కా ఉత్తర తీరాన్నే తీసుకుందాం. అక్కడి ప్రూడో బే దగ్గర 1968లో చమురు బయటపడింది. సముద్రంలో మంచు తగ్గుతున్నకొద్దీ వేసవిలో ఓడల రాకపోకలు కూడా పెరిగాయి. కనుక చమురు ఒలికే ప్రమాదం అక్కడ ఊహ మాత్రమే కాదు.

అక్కడికి చేరగానే వచ్చే మొదటి ఇబ్బంది ఏమిటంటే, తీరం ఎక్కడుందో చెప్పడమే కష్టం! ఆ నేలను టండ్రా అంటారని మీరు భూగోళంలో చదివే ఉంటారు. చెట్లుండవు. పైన జానెడో మూరెడో వేసవిలో కరుగుతుంది. దాని కింద ఎప్పుడూ గడ్డకట్టి ఉండే నేల. చాలాచోట్ల ఈ నేల సముద్రమట్టానికి కాస్త మాత్రమే ఎత్తు. ఆటుపోట్ల తేడా ఒక అడుగుకు మించదు. కాని శరత్కాలంలో పెనుగాలి వీస్తే నీరు మీటరు, అంతకు పైన కూడా లేచి, పల్లపు టండ్రా మీదుగా లోపలికి పారుతుంది. నీటితో చమురు ఉంటే అదీ లోపలికే. గాలి తగ్గాక నీరు వెనక్కి పోతుంది, చమురు గడ్డి దుబ్బుల్లో మిగిలిపోతుంది. అందుకే ఇలాంటి పల్లపు టండ్రాను కూడా పదో వరుసలో చేర్చారు. మన పటంలో తీరాన్ని గీతగా గీస్తాం. అక్కడ అది గీత కాదు, వెడల్పాటి పట్టీ.

అదే నేల గట్టులా నిలబడి సముద్రంలోకి విరిగిపడే చోట అంకె 3 మాత్రమే. చమురంటిన మట్టిపెళ్ళలు తామే ఊడి నీళ్ళలో పడిపోతాయి కనుక అక్కడ చమురు నిలవదు. ఆ పెళ్ళల్లో కుళ్ళకుండా మిగిలిన నాచూ, గడ్డీ పేరుకున్న మట్టి ఉంటుంది. దీన్ని పీట్ అంటారు. అది కొట్టుకుపోయి పక్కనున్న అలలు లేని ఒడ్డున తడి పొట్టులా చేరుతుంది. స్పాంజి నీటిని పీల్చినట్టు చమురును పీలుస్తుంది. అక్కడ అంకె ఒక్కసారిగా 8కి ఎగబాకుతుంది. ఒకే మట్టి! గట్టుగా ఉన్నప్పుడు ఒక అంకె, పొట్టుగా మారాక ఇంకో అంకె.

చలిలో చమురు నడవడి కూడా మారుతుంది. చలికాలంలో కొబ్బరినూనె సీసాలో పేరుకుపోవడం చూశారుగా! ముడిచమురు కూడా అలాగే చిక్కబడుతుంది, తొందరగా ఆవిరి కాదు. సముద్రం మీద మంచు తేలుతుంటే ఆ మంచుపలకలే కంచెలా చమురును పరుచుకోనివ్వవు. ఇందులో ఒక మేలుంది. నీటిమీది చమురును తగలబెట్టాలంటే దాని మందం కనీసం రెండు మూడు మిల్లీమీటర్లుండాలి. పలచబడితే కింది చల్లటి నీరు వేడిని లాగేసి మంట ఆర్పేస్తుంది. మంచు మధ్య చిక్కిన చమురు మందంగా ఉంటుంది కనుక అంటుకుంటుంది.

కాని శరత్కాలంలో, సముద్రం గడ్డకట్టే ముందు చమురు ఒలికితే? అది మంచు అడుగున చేరుతుంది. మంచు కిందికి పెరుగుతూ దాన్ని తనలో మూసేస్తుంది. ఉప్పునీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పు మంచులో ఇమడదు. చిక్కటి ఉప్పునీరుగా సన్నటి నాళాల్లో మిగులుతుంది. వసంతంలో మంచు వెచ్చబడగానే ఆ నాళాలు తెరుచుకుంటాయి. చమురు వాటిగుండా పైకి పాకి, మంచుమీది మడుగుల్లో తేలుతుంది. అంటే అక్టోబరులో ఒలికిన చమురు, పక్షులు వలస వచ్చే మే, జూన్ నెలల్లో బయటపడుతుందన్నమాట.

సరే, ఒడ్డుకు చేరిందనుకోండి. ఎంత బాగా కడిగితే అంత మంచిదేగా? ఈ ప్రశ్నకు అలాస్కా దక్షిణ తీరం జవాబు చెప్పింది. 1989 మార్చి 24న ప్రిన్స్ విలియం సౌండ్‌లో 'ఎక్సాన్ వాల్డెజ్' అనే చమురు ఓడ ఒక దిబ్బను ఢీకొన్నది. సుమారు 4 కోట్ల లీటర్ల ముడిచమురు ఒలికి, 2,000 కిలోమీటర్లకు పైగా తీరాన్ని అంటింది. రెండున్నర లక్షల సముద్రపక్షులు చనిపోయాయని అంచనా. వేలాదిమంది పనివాళ్ళు వేడినీటిని పెద్ద పీడనంతో చిమ్మి రాళ్ళు కడిగారు. రాళ్ళు తళతళలాడాయి. అయితే ఆ వేడికి రాళ్ళమీది నాచూ, నత్తగుల్లలూ ఉడికిపోయాయి. పోల్చి చూడటానికని కొన్నిచోట్ల రాళ్ళను కావాలనే కడగకుండా వదిలారు. ఆ రాళ్ళమీదనే జీవం ముందుగా తేరుకుంది! ఇక గులకరాళ్ళ కింద దాక్కున్న చమురు సంగతి. పన్నెండేళ్ళ తరవాత, 2001లో తవ్వి చూస్తే అది ఇంకా జిడ్డుగా, వాసనతో అక్కడే ఉంది.

ఇంకా ఉత్తరాన ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి కెనడా శాస్త్రజ్ఞులు సాహసమైన పనే చేశారు. 1981లో బాఫిన్ దీవి ఉత్తర కొసన కేప్ హాట్ దగ్గర రెండు చిన్న అఖాతాల్లో తామే చమురు వదిలారు. ఒక్కొక్కదానిలో 15 ఘనపు మీటర్లు. ఒకదానిలో చమురును అలాగే ఒడ్డుకు చేరనిచ్చారు. రెండోదానిలో, సబ్బు నూనెను విడగొట్టినట్టు చమురును సన్నటి బిందువులుగా విడగొట్టే రసాయనం కలిపి వదిలారు. రెండోచోట సముద్రం అడుగునున్న ప్రాణులు మత్తు కమ్మినట్టయి, తరవాత తేరుకున్నాయి. మొదటిచోట వాటికి వెంటనే దెబ్బ తగలలేదు గాని ఒడ్డు చమురు పట్టుకుంది. ఇరవై ఏళ్ళ తరవాత వెళ్ళి చూస్తే కొద్ది మేర అది తారురోడ్డులా గట్టిపడి ఉంది.

1997లో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో ఇంకొక ప్రయోగం జరిగింది. చమురంటిన గులకరాళ్ళను ఎత్తుకుపోకుండా, యంత్రంతో అలలు విరిగే చోటికి తోశారంతే. మిగతా పని అలలు చూసుకున్నాయి. నీటిలోని సన్నటి మట్టిరేణువులు చమురు బిందువులను చుట్టుకుంటాయి. అప్పుడవి మళ్ళీ రాళ్ళకు అంటుకోలేవు. నీటిలో చెదిరి సూక్ష్మజీవులకు ఆహారమవుతాయి. కడగడానికి వేడినీరు లేదు, పారెయ్యడానికి చెత్త లేదు. అడుగు పెట్టడానికే కష్టమైన తీరాలకు నాకు ఈ పద్ధతే అన్నిటికన్నా నచ్చింది. కాని ఇది అలలున్న చోటే పనికొస్తుంది. బురద కయ్యకు పనికిరాదు. అందువల్ల కయ్యలోకి చమురును అసలు రానివ్వకపోవడమే దారి.

ఎలా? అలాస్కా వాయవ్య తీరంలో కాసెగాలుక్ అనే ఉప్పునీటి కయ్య ఉంది. పొడవు సుమారు 200 కిలోమీటర్లు. అంత పొడుగునా బూమ్ వెయ్యడం ఎవరి తరం? కాని పటం చూస్తే ఒక విషయం తెలుస్తుంది. కయ్యకూ సముద్రానికీ మధ్య సన్నటి ఇసుక దీవుల వరుస ఉంది. నీరు లోపలికి వచ్చేది దీవుల మధ్యనున్న కొద్దిపాటి గండ్లలోంచే. ఇంట్లోకి వాన రాకుండా గోడలన్నీ కప్పం కదా, కిటికీలు మూస్తాం! ఇలాంటి చోట్ల కాపలా పథకం వెయ్యాలంటే ఏ గండికి ఎంత పొడవు బూమ్ కావాలి, దాన్ని ఎక్కడ కట్టాలి, ఆ లోతుకు ఏ పడవ పనికొస్తుంది అన్నవన్నీ ముందే రాసి పెట్టుకోవాలి. ప్రమాదం జరిగాక ఆలోచిస్తూ కూర్చునే వ్యవధి ఉండదు. అలాస్కాలో అమెరికా తీరరక్షక దళానికి పెద్ద స్థావరం కోడియాక్ దీవిలో ఉంది. అక్కడినుంచి ఉత్తరపు కొసనున్న ఊరు ఉట్కియాగ్విక్‌కు సుమారు 1,500 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి ఢిల్లీకన్నా దూరం.

కాపలా పథకంలో నెలలు కూడా ఉండాలి. జూన్ చివర, జూలై మొదట్లో బెలూగా అనే తెల్ల తిమింగలాలు కాసెగాలుక్‌కు వస్తాయి. అప్పుడే పాయింట్ లే గ్రామంలోని ఇనుపియాట్ ప్రజలు వాటిని వేటాడి ఏడాదికి సరిపడే మాంసం నిలవ చేసుకుంటారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో నల్లబాతులు దక్షిణానికి ఎగిరే ముందు ఆ కయ్యలో మేస్తాయి. రెండు గండ్లకు సరిపడే బూమ్ మాత్రమే ఉంటే జూలైలో ఏవి మూయాలి, సెప్టెంబరులో ఏవి మూయాలి? జవాబు ఒకటే కాకపోవచ్చు. మాంసం లేకపోతే దుకాణంలో కొనుక్కోవచ్చుగా అంటారేమో! ఆ ఊరికి రోడ్డు లేదు. సరుకులు విమానంలోనో, వేసవిలో వచ్చే పడవలోనో రావాలి. అందుకని ఏ గండి ముందు, ఏది తరవాత అన్న నిర్ణయం పటం గీసినవాళ్ళు ఒక్కరే చెయ్యతగింది కాదు. ఏ గండిలోంచి బెలూగాలు వస్తాయో ఆ ఊరి వేటగాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

పటం గీయడానికి హెలికాప్టర్‌లో తీరం వెంబడి తక్కువ ఎత్తులో ఎగురుతూ వీడియో తీస్తారు. ఒక భూవిజ్ఞాని, ఒక జీవశాస్త్రజ్ఞుడు పక్కనే కూర్చుని కనిపించినదల్లా చెబుతూ రికార్డు చేస్తారు: ఇక్కడ గులకరాళ్ళు, ఇక్కడ పీట్, ఇక్కడ పల్లపు టండ్రా. తరవాత ఆ వీడియోను ముక్క ముక్కగా చూసి ఒక్కొక్క తీరపు ముక్కకు వివరాలు రాస్తారు. అలాస్కా ఉత్తర తీరాన్ని 2012లో ఇలా చిత్రించారు.

అయితే మట్టిగట్టులోని మంచు కరిగి, సముద్రం దాన్ని కోసేస్తోంది. ఆ తీరంలో డ్రూ పాయింట్ అనే చోట 2007 నుంచి 2016 దాకా గట్టు సగటున ఏడాదికి 17 మీటర్లు వెనక్కి జరిగింది. పదేళ్ళనాటి పటంలో అలాంటి చోట బూమ్ కట్టడానికి గుర్తు పెట్టిన స్థలం ఇప్పుడు ఒడ్డుకు 170 మీటర్ల దూరంలో, నీళ్ళలో ఉంటుంది. తుపాను వస్తే ఇసుక దీవుల్లో పాత గండి పూడిపోవచ్చు, కొత్తది తెరుచుకోవచ్చు. కనుక గీసిన పటాన్ని పట్టుకుని హెలికాప్టర్ మళ్ళీ బయలుదేరవలసిందే. అదీ వేసవిలో, మంచు తొలగి నేల కనిపించే ఆ కొద్ది వారాల్లోనే.