మీకు తెలుసా? కీళ్లరిగినా ముసలి పిల్లి కుంటడం అరుదు!

పన్నెండేళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 పిల్లుల్లో కీళ్ల అరుగుదల బయటపడింది. అమెరికాలో 2002లో అచ్చయిన పరిశోధన ఇది. వాటి వైద్య రికార్డుల్లో మాత్రం ఆ ఊసు చాలా అరుదు.

నారాయణఖేడ్ లాంటి ఊళ్ల చేలల్లో ఎద్దు కుంటితే ఆ పూటే తెలిసిపోతుంది. పిల్లి నొప్పిని దాచేస్తుంది, పైగా రెండు కాళ్లూ ఒకేలా అరిగితే కుంటడానికీ వీలుండదు. అలాంటి ఊరి నుంచి హైదరాబాద్ వచ్చి, పొద్దున ఆఫీసుకు పోయి రాత్రికి ఇల్లు చేరే మనిషికి ఇక తెలిసేదెలా? గమనిస్తే గుర్తులుంటాయి: పిల్లి అల్మారా మీదికి ఎగరడం మానేస్తుంది. వీపు మీద బొచ్చు ఉండలు కడుతుంది, అంతవరకు నాక్కోవడానికి నడుము తిరగదు కనుక. ఇసుక తొట్టి గోడ ఎక్కలేక పక్కనే పాడు చేస్తుంది. దాన్ని పొగరనుకుని తిట్టేవాళ్లే ఎక్కువ.

నొప్పి కనిపెట్టాక ఇంట్లోని పారాసిటమాల్ మాత్రం వేయకండి. ఆ మందును మార్చి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో చాలా తక్కువ. ఒక్క 500 మిల్లీగ్రాముల బిళ్ల ప్రాణం తీయగలదు. పిల్లులకు వాడే నొప్పి మందులు వేరే ఉన్నాయి, పశువైద్యులు రాసిస్తారు.