డ్రోనుకు, రిమోటుకు పొత్తు కుదరనప్పుడు

గడచిన రబీలో చీపురుపల్లి మండలములోని ఒక మొక్కజొన్న చేనిలో కత్తెర పురుగు మొవ్వులలో చేరినది. రెండెకరాలకు డ్రోనుతో మందు కొట్టించుటకు ఏర్పాటు చేసి, తెల్లవారకముందే మందు కలిపి ఉంచినారు. డ్రోను మాత్రము లేవలేదు. బ్యాటరీ నిండుగా ఉన్నది, రెక్కలు సరిగా ఉన్నవి. విచారించగా, ముందటి రాత్రి రిమోటులోని యాప్ తనంతట తానే కొత్త వెర్షనుకు మారినదనియు, డ్రోనులోని సాఫ్ట్‌వేరు పాతదే ఉండిపోయినదనియు తేలినది.

డ్రోను చూచుటకు ఒక్క యంత్రమే. కాని దాని పొట్టలో ఫ్లైట్ కంట్రోలరు అను చిన్న కంప్యూటరు ఉండి, దిక్సూచి, జీపీయస్ చెప్పినదానిని బట్టి మోటార్ల వేగమును నిర్ణయించును. రిమోటు ఆజ్ఞలు రేడియో ద్వారా దానికి చేరును. చేను సరిహద్దును, పోవలసిన సాళ్లను యాప్ పంపును. ఈ మూడింటికి వేరువేరు సాఫ్ట్‌వేర్లు కలవు. ఒకటి మారి రెండవది మారకున్న, జత తప్పిన ఎడ్లను కాడికి కట్టినట్లగును.

రిమోటు పాడైనప్పుడు అదే కంపెనీది గదా యని పక్క ఊరి రిమోటు తెచ్చినంత మాత్రమున పని జరగదు. దానిని డ్రోనుతో జతపరచవలెను. జత కుదిరినను మరొక చిక్కు కలదు. మోడ్ 2 రిమోటులో ఎడమ పుల్లతో డ్రోను లేచును, మోడ్ 1లో కుడి పుల్లతో లేచును. ఇది చూచుకొనక ఎగురవేసిన పైలటు చేయి పొరపడుట ఖాయము.

అప్‌డేట్ చేసిన పిదప డ్రోను లేచినంతనే అంతయు సరియైనదని తలపరాదు. కొన్నిటిలో మనము పెట్టుకొన్న అమరికలు చెరిగి, మొదటివి తిరిగి వచ్చును. సిగ్నలు తెగినప్పుడు ఇంటిదారి పట్టు ఎత్తు వీటిలో ముఖ్యమైనది. గట్ల వెంబడి తాటిచెట్లున్న మన ప్రాంతములో ఆ ఎత్తు తగ్గినచో డ్రోను తిన్నగా మట్టలలోనికే పోవును. దిక్సూచిని, పంపు ధారను కూడ మరల సరిచూడవలెను.

2021 డ్రోను నిబంధనల ప్రకారము 2 కిలోల పైబడి 25 కిలోల వరకు బరువున్నవి చిన్న తరగతివి. మందు కొట్టు డ్రోన్లు పెక్కు ఈ తరగతిలోనివే. వీటికి టైప్ సర్టిఫికెట్టు, గుర్తింపు సంఖ్య, పైలటుకు సర్టిఫికెట్టు ఉండవలెను. కనుక ఎవరో పంపిన సాఫ్ట్‌వేరును ఎక్కింపక, తయారీదారు ఇచ్చినదానినే వాడవలెను. యాప్ తనంతట తాను మారకుండ ఆ సదుపాయమును ఆపివేసి, పని లేని దినమున మూడింటిని కలిపి మార్చుకొనవలెను.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము కలిపిన మందుతోనే. ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 శాతము మందు ఎకరాకు 80 గ్రాములు. చేతి స్ప్రేయరుకు దీనిని 200 లీటర్ల నీటిలో కలిపెదము, డ్రోనుకు సుమారు 10 లీటర్లలోనే. అనగా డ్రోను ద్రావణము 20 రెట్లు చిక్కన. దానిని అట్లే తైవాన్ స్ప్రేయరులో పోసి కొట్టినచో పైరు మాడవచ్చును, కొట్టువానికి ముప్పు. అందుచేత ముందు వట్టి నీటితో ఒక సాలు ఎగురవేసి చూచి, పిమ్మటనే మందు కలుపవలెను.

ఆనాడు కలిపిన 20 లీటర్లకు మరి 380 లీటర్ల నీరు చేర్చి, చేతి తొడుగులు, ముక్కుగుడ్డలు పెట్టించి, నలుగురు మనుషులచే సాయంత్రమునకు ముగించితిమి. డ్రోను మూడవ నాటికి గాని లేవలేదు.